నిదానమే ప్రధానం – పొలం బండికైనా

ఇది యంత్రయుగం అని మనం హైస్కూలు రోజులనుంచీ వ్యాసాల్లో రాస్తూనే ఉన్నాం. కాని యంత్రం ఎదురుగా కనిపించగానే మన నోటివెంట వచ్చే మొదటి ప్రశ్న ఏమిటి? "ఎన్ని హార్స్‌పవర్? ఎంత స్పీడు పోతుంది?" అంతే. దానిమీద కూర్చున్న మనిషి సంగతేమిటని అడిగేవాడు అరుదు. రోడ్డుమీద తిరిగే కారు విషయంలోనన్నా "కుదుపు తెలుస్తుందా, సీటు మెత్తగా ఉందా" అని వాకబు చేస్తాం. పొలంలో, డొంకలో, కాలువకట్టమీద నడిచే బండి విషయంలో ఆ మాట అడగటమే నామోషీ. రైతుకి సుఖమేమిటయ్యా అన్నట్టు చూస్తారు.

నా వాదన ఒక్కటే. దారిలేని చోట నడిచే బండికి అసలు పరీక్ష నిదానంలో ఉంది. మనిషి నడిచేంత వేగంలో, సైకిలు తొక్కేంత వేగంలో ఆ బండి లోపలివాళ్ల నడుముల్ని ఏం చేస్తోంది? మలుపు తిప్పితే నిలబడుతుందా, పక్కకి ఒరుగుతుందా? ముందు ఈ రెండూ తేలాలి. స్పీడు సంగతి తర్వాత. ఈ మాటకి సాక్ష్యంగా ఒక విదేశీ బండి కథ, మనం క్లాసులో చదువుకునే ఫిజిక్సు కొంచెం, మన ఊళ్ల సంగతి కొంచెం మనవి చేస్తాను.

పక్కపక్క సీట్ల బండి

అమెరికాలో "సైడ్ బై సైడ్" అని ఒక జాతి వాహనం ఉంది. జీపుకి చిన్న తమ్ముడనుకోండి. నాలుగు లావుపాటి చక్రాలు, గుండ్రటి స్టీరింగు, డ్రైవరు పక్కన ఇంకొకరు కూర్చోవటానికి సీటు, ఇద్దరికీ బెల్టులు, తలమీద ఇనప గొట్టాల చట్రం, వెనక సామాను వేసుకోవటానికి చిన్న తొట్టి. మోటారుసైకిలు మీదలాగా కాళ్లు అటూ ఇటూ వేసుకుని ఎక్కే నాలుగు చక్రాల బండి వేరు, ఇది వేరు. ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుంటారు గనకనే దానికా పేరు.

కవాసాకి కంపెనీ 1988లో ఈ తరహా బండిని "మ్యూల్" అనే పేరుతో తెచ్చింది. మ్యూల్ అంటే కంచరగాడిద. పేరులోనే పని ఉంది చూడండి. గడ్డి, కంచె గుంజలు, పనిముట్లు మోసుకుంటూ పొలమంతా తిరగటం దాని ఉద్యోగం. 2003 చివర్లో యమహావారి "రైనో", 2007లో పొలారిస్ వారి "ఆర్‌జెడ్ఆర్" వచ్చాక ఈ జాతి స్వభావమే మారింది. పనిబండి కాస్తా ఇసుకదిబ్బలమీద పరుగులు తీసే ఆటబండి అయింది. ప్రకటనల్లో బండి గాలిలో ఎగురుతూ కనిపించటం మొదలైంది.

అప్పుడు ఒక చేదు నిజం బయటపడింది. 2009 మార్చి 31న అమెరికా ప్రభుత్వ వినియోగవస్తు భద్రతా సంఘం ఒక ప్రకటన చేసింది. రైనో 450, 660 నమూనాలకు సంబంధించి 50కి పైగా ప్రమాదాలను ఆ సంఘం పరిశీలించింది. వాటిల్లో 46 మంది ప్రాణాలు పోయాయి. మూడింట రెండు వంతులకు పైగా బండి బోల్తాపడ్డ కేసులే. చాలా సందర్భాల్లో లోపలివాళ్లు బెల్టు పెట్టుకోలేదు. ఇదంతా ఊహించదగిందే. కాని ఆ ప్రకటనలో నన్ను నిలబెట్టేసిన వాక్యం ఇంకొకటుంది. బోల్తాపడ్డవాటిలో అనేకం చదునైన నేలమీద, తక్కువ వేగంలో మలుపు తిప్పుతుండగా పడినవిగా కనిపిస్తున్నాయట! కొండ ఎక్కుతూ కాదు, గాలిలో ఎగురుతూ కాదు.

యమహావారు ఉచితంగా మరమ్మతు చేసిపెడతామన్నారు. ఏమిటా మరమ్మతు? కొత్త ఇంజను కాదు, కంప్యూటరూ కాదు. వెనక చక్రాలకి 50 మిల్లీమీటర్ల మందం స్పేసర్లు బిగించి వాటిని బయటికి జరపటం, వెనక ఉన్న స్టెబిలైజర్ కడ్డీ ఒకటి ఊడదీయటం. అంతే. చూడటానికి ఇంత చిన్న పని. దీని వెనక ఉన్న సూత్రం మన బి.యస్సీ. మొదటి సంవత్సరం పుస్తకంలోదే.

బండి ఎందుకు ఒరుగుతుంది?

బండి ఒరగటానికి రెండే కొలతలు ముఖ్యం. ఒకటి, ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య వెడల్పు. రెండు, గరిమనాభి నేలకి ఎంత ఎత్తున ఉంది. వెడల్పులో సగాన్ని ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వెడల్పు 110 సెంటీమీటర్లు. ఇద్దరు మనుషులూ, సామానూ ఎక్కాక గరిమనాభి ఎత్తు 75 సెంటీమీటర్లు అనుకోండి. 55ని 75తో భాగిస్తే సుమారు 0.73. ఈ బండిని 5 మీటర్ల వ్యాసార్ధంతో, అంటే మన కళ్లంలో తిప్పినంత మలుపులో తిప్పితే, ఎంత వేగంలో లోపలి చక్రాలు నేల వదులుతాయి? వేగవర్గాన్ని వ్యాసార్ధంతో భాగించే మన పాత సూత్రం వేసి చూడండి. సెకనుకు 6 మీటర్లు, అంటే గంటకి సుమారు 22 కిలోమీటర్లు వస్తుంది. కుర్రాడు సైకిలు గట్టిగా తొక్కితే వచ్చే వేగం! పైగా ఇది కాగితం మీద లెక్క. స్ప్రింగులు ఒకపక్కకి నలిగి, టైర్లు వంగి, గరిమనాభి బయటికి జరిగితే ఇంకా ముందే లేస్తుంది. బురదగా ఉంటే చక్రం జారుతుంది గనక బండి బతికిపోతుంది. ఎండిన గట్టి నేలమీద టైరు పట్టు వదలదు. అక్కడే ప్రమాదం.

ఇప్పుడు స్పేసర్లు ఏం చేశాయో తెలిసిపోయింది. వెడల్పు పెంచాయి. మరి కడ్డీ ఎందుకు తీశారు? ఆ కడ్డీ ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ ముడివేసి బండి ఒరగకుండా పట్టుకుంటుంది. పైకి చూస్తే అది ఉండటమే మంచిదనిపిస్తుంది. కాని వెనక కడ్డీ గట్టిగా ఉంటే మలుపులో ఒరిగే భారమంతా వెనక బయటి చక్రం మీద పడుతుంది. వెనకభాగం ముందు తూలుతుంది, బండి మనం తిప్పినదానికంటే ఎక్కువగా లోపలికి తిరుగుతుంది. మలుపు ఇంకా బిగుసుకుంటుంది. వెనక కడ్డీ తీసేస్తే ఆ భారం ముందుకి పంచుకుంటుంది. బండి కాస్త మందంగా తిరుగుతుంది, కాని డ్రైవరు చెప్పిన మాట వింటుంది. నిదానంలో నిలకడ అంటే ఇదే.

కుదుపు ఎక్కడినుంచి వస్తుంది?

ఇక సుఖం సంగతి. సుఖం అనే మాటకి బదులు ఆరోగ్యం అనాలి అంటాను నేను.

స్ప్రింగుమీద బరువు పెడితే అది కొంత కుంగుతుంది. ఎంత కుంగిందో తెలిస్తే ఆ బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పవచ్చు. సరళ హరాత్మక చలనం పాఠంలో ఉన్నదే ఇది. బరువుకి 25 సెంటీమీటర్లు కుంగే స్ప్రింగు సెకనుకి ఒకసారి ఊగుతుంది. 11 సెంటీమీటర్లు కుంగేది ఒకటిన్నరసార్లు. మంచి కార్ల సస్పెన్షను సుమారు ఈ రెంటి మధ్యలో ఉంటుంది. ఒక్క సెంటీమీటరే కుంగితే? సెకనుకి 5 సార్లు!

ఇక్కడ మన శరీరం సంగతి కలపాలి. నిలువు కుదుపుల్లో సెకనుకి 4 నుంచి 8 సార్లు వచ్చేవాటికి మనిషి శరీరం ఎక్కువగా స్పందిస్తుందని 1974లో తొలిసారి వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 2631 చెప్పింది. కడుపు, వెన్నెముక ఆ పౌనఃపున్యాల దగ్గర బండితోపాటు తామూ ఊగుతాయి. అనునాదం అని మనం ట్యూనింగ్ ఫోర్కుతో చేసే ప్రయోగమే, ఇక్కడ వెన్నుపూసలతో జరుగుతుంది.

ఇప్పుడు మన ట్రాక్టరు చూడండి. దాని వెనక ఇరుసుకి స్ప్రింగే లేదు. ఉన్నదల్లా టైరులో గాలి. ఆ టైరు బరువుకి ఒకటి రెండు సెంటీమీటర్లు నలిగిందంటే ఊపు సెకనుకి మూడున్నర నుంచి ఐదుసార్లు. సరిగ్గా శరీరం ఓర్చుకోలేని చోటు దగ్గర! పైగా సీటు వెనక ఇరుసుకి దాదాపు నెత్తిమీద ఉంటుంది. వెనక చక్రాలు 10 సెంటీమీటర్ల గట్టు ఎక్కితే డ్రైవరు కూడా దాదాపు 10 సెంటీమీటర్లు లేస్తాడు. అదే సైడ్ బై సైడ్‌లో సీట్లు ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్యలో ఉంటాయి. కనక అదే గట్టుకి అక్కడ కూర్చున్నవాడు సగమే లేస్తాడు. అందులో నాలుగు చక్రాలకీ విడివిడిగా స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ ఉంటే మిగతా సగంలో కూడా చాలా భాగం అవే మింగుతాయి.

దమ్ము రోజుల్లో మా నాన్న పొద్దుటినుంచీ దీపాలవేళదాకా ట్రాక్టరు మీద ఉండి వస్తే ఆ రాత్రి అన్నం కూడా నిలబడే తింటాడు. అమ్మ నువ్వులనూనె కాచి నడుముకి మర్దనా చేస్తుంది. "ఈ పనికి ఇదంతా మామూలేరా" అంటాడాయన. మామూలు అనే మాట దగ్గరే నాకు పేచీ. ఐరోపా దేశాలు 2002లో ఒక చట్టం చేసుకున్నాయి. ఎనిమిది గంటల పనిదినానికి సగటున ఒంటికి తగిలే కంపనం 0.5 మీటరు పర్ సెకండు స్క్వేర్ దాటితే యజమాని దాన్ని తగ్గించే చర్యలు తీసుకోవాలి. 1.15 అయితే అది దాటరాని హద్దు. అక్కడ దానికో అంకె ఉంది, అంకె దాటితే అడిగేవాడున్నాడు. మా ఊళ్లో ఆ కొలత తీసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మెత్తదనానికీ నిలకడకీ పోట్లాటా?

"బండి మెత్తగా ఉంటే ఒరుగుతుంది, గట్టిగా ఉంటే కుదుపుతుంది. రెండూ ఒకచోట కుదరవు" అని మెకానిక్కులు అంటుంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కాని మొత్తం నిజం కాదు.

షాకబ్జార్బరు పని స్ప్రింగు ఊపుని ఆపటం. అవరుద్ధ డోలనాలు మనం చదివిందే. మంచి సైడ్ బై సైడ్ బళ్ల షాకబ్జార్బర్లకి రెండు రకాల బిగింపు మరలుంటాయి. ఒకటి "లో స్పీడు", రెండోది "హై స్పీడు". చాలామంది దీన్ని బండి వేగమనుకుంటారు. ఇది బండి వేగం కాదండీ, షాకబ్జార్బరు లోపల పిస్టను కదిలే వేగం. బండి నిదానంగా వెళుతూ చక్రం రాయికి ఠపీమని తగిలితే అక్కడ పిస్టను వేగం ఎక్కువ. బండి జోరుగా వెళుతూ మెల్లగా పక్కకి వాలితే పిస్టను వేగం తక్కువ. కనక ఒరగటాన్ని ఆపే లో స్పీడు మరని కాస్త బిగించి, రాళ్ల దెబ్బని మింగే హై స్పీడు మరని వదులు చేస్తే మెత్తదనమూ నిలకడా రెండూ కొంతవరకు చేతికి వస్తాయి. తిరిగి సాగే మరని మరీ బిగించకూడదు. స్ప్రింగు సాగేలోగానే రెండో గుంత, మూడో గుంత వచ్చేసి బండి కిందికి కూరుకుపోతుంది, తర్వాత ప్రతి గుంతా సీటుకి తగులుతుంది.

ఇంకో అపోహ. స్ప్రింగు చుట్టూ ఉండే రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందనుకుంటారు. మామూలు స్ప్రింగు గట్టిదనం మారదు, బండి ఎత్తు పెరుగుతుందంతే. తొట్టిలో ఎరువు బస్తాలు వేసినప్పుడు వెనక కుంగకుండా ఆ రింగు బిగించటం సబబే. ఖాళీగా తిరిగేటప్పుడు కూడా అలాగే ఉంచితే గరిమనాభి పైకెక్కుతుంది. పైన చెప్పిన భాగారం గుర్తుందిగదా, నిలకడ తగ్గుతుంది. షోకుకోసం బండిని ఎత్తుచేసి, పెద్ద టైర్లు తొడిగే కుర్రకారు ఇది గమనించాలి. టైరు బరువు పెరిగితే స్ప్రింగు కింద బరువు పెరుగుతుంది. అది గుంతలో పడి లేచేటప్పుడు సీటుని గట్టిగా గుద్దుతుంది.

ఖర్చులేని వైద్యం గాలి. టైరే మొదటి స్ప్రింగు. కారు టైరులో 30 పౌండ్ల పైచిలుకు గాలి ఉంటుంది. దారిలేని చోట తిరిగే ఈ బళ్లకి సాధారణంగా అందులో సగమో, ఇంకా తక్కువో చాలు. కంపెనీవారు ఇచ్చిన పుస్తకంలో బరువుని బట్టి అంకె ఉంటుంది. మన దగ్గర ఆ పుస్తకం విప్పేవాడెవరు? పంక్చరు షాపులో "ఫుల్లు కొట్టు" అంటాం. ఫుల్లు కొట్టిన గాలి నేరుగా మన వెన్నులోకి ఎక్కుతుంది.

నిదానంలో వచ్చే ఇబ్బందులు

నెమ్మదిగా నడిపేటప్పుడు ఈ బళ్లకి మరికొన్ని జబ్బులున్నాయి. చాలా సైడ్ బై సైడ్‌లలో గేర్లకి బదులు రబ్బరు బెల్టు ఉంటుంది. ఇంజను వేగం ఒక హద్దు దాటాక బెల్టు పట్టుకుని బండి ఒక్కసారి ముందుకి దూకుతుంది. గుంతలో పడ్డప్పుడు డ్రైవరు కాలు ఎగిరి యాక్సిలరేటరు మీద పడుతుంది, బండి దూకుతుంది, దూకినందుకు మళ్లీ కాలు ఎగురుతుంది. ఇలా కుదుపే కుదుపుని పుట్టిస్తుంది. దీనికి రెండే మందులు. నిదానపు పనికి "లో" గేరు వేసుకోవటం, మడమ ఆనించటానికి గట్టి ఆధారం ఉండటం. హై గేరులో నత్తనడక నడిపితే బెల్టు జారి, వేడెక్కి తెగుతుంది కూడా.

రెండోది ఇరుసు బిగింపు. వెనక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా బిగించి ఉంటే బురదలో పట్టు బాగుంటుంది. కాని మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. రెండూ ఒకటే తిరిగితే ఒకటి నేలని గీరుతుంది, స్టీరింగు బండబారుతుంది, బండి ముందుకే తోసుకుపోతుంది. ట్రాక్టరు తోలేవారికి డిఫరెన్షియల్ లాక్ పెడలు సంగతి తెలుసు. దాన్ని తొక్కిపెట్టి మలుపు తిప్పితే ఏమవుతుందో అనుభవమే. ఇదీ అదే. బిగింపు అవసరమైన చోటే వేసి, మలుపుకి ముందు తీసేయాలి.

మూడోది, ముందు చక్రాలకి ఇష్టంవచ్చినట్టు స్పేసర్లు బిగించటం. వెనక చక్రాలకి కంపెనీ లెక్కచూసి బిగించినది వేరు. ముందు చక్రం బయటికి జరిగినకొద్దీ ప్రతి రాయీ స్టీరింగుని చేతుల్లోంచి లాక్కుంటుంది. నెమ్మదిగా పోతున్నా సాయంత్రానికి మణికట్లు వాచిపోతాయి.

మన సంగతేమిటి?

"ఇంత కథా విని ఏం లాభం? ఆ బండి మన ఊరికి రాదు, వచ్చినా మన రైతు కొనలేడు" అని మిత్రులు అనవచ్చు. నిజమే. దాని ధర చిన్న రైతుకి అందేది కాదు. నేను కొనమని చెప్పటం లేదు. ఆ బండిలో ఉన్న ఒక ఆలోచన మనకి కావాలంటున్నాను. అదేమిటంటే, పక్క సీటు.

మన ట్రాక్టరుకి ఒక్కటే సీటు. కాని మన ఊళ్లలో ట్రాక్టరు మీద ఒక్కరే వెళ్లటం ఎప్పుడన్నా చూశారా? ఒకరు మడ్‌గార్డు మీద, ఒకరు డ్రైవరు వెనక కడ్డీమీద నిలబడి, కూలికి వెళ్లే ఆడవాళ్లంతా వెనక ట్రక్కులో. రెండో మనిషి ఉన్నాడని యంత్రం తయారుచేసినవాడికి తెలియదు, ఎక్కించుకున్నవాడికి పట్టదు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లాలో పొలం పనికి వెళుతున్న కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. కాలువకట్టమీద ట్రాక్టర్లు రేసులు పెట్టుకోవు. అక్కడ నడిచేదంతా నిదానపు నడకే. ఆ నడకలో కూడా మనిషికి భద్రత లేదంటే ఆలోచించాలి గదా.

స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకి బోల్తాపడినా డ్రైవరు నలగకుండా కాపాడే ఇనప చట్రం తప్పనిసరి చేసింది. ఆ చట్రం, దానికితోడు బెల్టు – ఈ రెండూ ఉంటేనే ప్రయోజనం. బెల్టు లేకపోతే మనిషి బయటికి జారి ఆ చట్రం కిందే పడతాడు. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి ఆ చట్రం లేదు. నీడకోసం వేసిన రేకు ఉంటుంది. రేకుకీ చట్రానికీ తేడా తెలియక చాలామంది ధీమాగా ఉన్నారు.

కొందరు పెద్దలంటారు: "ఎద్దుబండి కాలంనుంచీ కుదుపులు పడుతూనే ఉన్నాం, అలవాటైపోతుంది." అలవాటు పడేది మనసు. వెన్నుపూస అలవాటు పడదు, అరుగుతుంది. అసలు ఎద్దుబండికి కూడా మనవాళ్లు చెక్క చక్రాలు మార్చి గాలి టైర్లు వేసుకున్నారు. డన్లప్ బండి అని ముద్దుగా పిలుచుకున్నారు. అప్పుడు ఎద్దు మెడమీద బరువు తగ్గిందని సంతోషించాం. ఎద్దు మెడకోసం చేసిన ఆలోచన మనిషి నడుముకోసం చేయటం తప్పా?

మనం చేయగలిగినవి

మొదటిది తయారుచేసేవారు చేయాలి. ప్రతి పొలం బండి కాగితంమీదా హార్స్‌పవరు పక్కనే మరి రెండు అంకెలు అచ్చువేయాలి. ఎంత వాలులో ఒరుగుతుందో ఒకటి, సీటు దగ్గర కంపనం ఎంతో ఇంకొకటి. ఇవి లేకుండా కొనటమంటే పళ్లు చూడకుండా ఎద్దుని కొన్నట్టే.

రెండోది రైతులు ఈరోజే చేసుకోవచ్చు. గాలి సరిచూసుకోవటం. సీటు కింద బరువుని బట్టి తిప్పే మర ఉంటే తిప్పుకోవటం. 50 కిలోల మనిషీ 80 కిలోల మనిషీ ఒకే బిగింపు మీద కూర్చుంటే ఒకరికి సీటు రాయి, ఇంకొకరికి అడుగంటిన స్ప్రింగు. ఊరికే దిండు వేసుకుంటే సరిపోదు. సీటు సహజపు ఊపు నేల కుదుపుకి దగ్గరగా ఉంటే ఆ దిండు కుదుపుని ఇంకా పెంచుతుంది. నేల కుదుపు సీటు ఊపుకంటే సుమారు 1.4 రెట్లు దాటాకే సీటు మనల్ని కాపాడటం మొదలుపెడుతుంది. గట్టు దాటేటప్పుడు ఏటవాలుగా కాకుండా నేరుగా, నెమ్మదిగా ఎక్కి దిగటం. మడ్‌గార్డు మీద ఎవరినీ, ముఖ్యంగా పిల్లల్ని, ఎక్కించుకోకపోవటం.

మూడోది మనది, అంటే విద్యార్థులది. మన జేబులో ఉన్న ప్రతి స్మార్టుఫోనులోనూ త్వరణాన్ని కొలిచే పరికరం ఉంది. దాన్ని సీటుకి కట్టి, ఒకే డొంకలో ఒకే వేగంతో, టైరులో గాలి మార్చి మార్చి కొలిస్తే ఎంత తేడా ఉందో అంకెల్లో కనబడుతుంది. ఐఎస్‌వో ప్రమాణానికి సరిపోయే కొలత కాకపోవచ్చు, కాని పోల్చి చూసుకోవటానికి చాలు. లోలకాన్ని వందసార్లు ఊపి రికార్డు పుస్తకం నింపే మనం, సెలవుల్లో ఊరు వెళ్లి ఈ ఒక్క ప్రయోగం చేయలేమా? విద్యార్థి సంఘం వచ్చే ఏడాది సైన్సు ఎగ్జిబిషనులో దీనికొక బల్ల కేటాయించాలని కోరుతున్నాను.

ఇంజనీరింగు కాలేజీ మిత్రులకూ ఒక మాట. 2007 నుంచి మన దేశంలో బాజా ఎస్ఏఈ ఇండియా పేరుతో విద్యార్థులు సొంతంగా గుంతలబండి తయారుచేసే పోటీలు జరుగుతున్నాయి. మెచ్చుకోదగ్గ విషయం. అందులో తయారయ్యేది ఒంటి సీటు పోటీ బండి. ఆ తెలివినే రెండు సీట్లవైపు, ఒక ఎరువు బస్తావైపు, గంటకి 10 కిలోమీటర్ల నడకవైపు తిప్పితే? పొలానికి అన్నం తీసుకెళ్లే తల్లి పక్క సీట్లో కూర్చుని, గిన్నెలో పులుసు తొణక్కుండా గట్టు దాటగలిగితే ఆ బండి పాసైనట్టు. ఇంతకంటే కఠినమైన పరీక్ష ఏ ఆటోమొబైలు ప్రయోగశాలలోనూ ఉండదని నా నమ్మకం.

నిదానమే ప్రధానం అని మన పెద్దలు మనుషులకి చెప్పారు. యంత్రాలు తయారుచేసేవారికీ, కొనేవారికీ, నడిపేవారికీ కూడా ఆ మాట వర్తిస్తుంది. వేగంగా పోయే యంత్రాలు మనకి చాలానే వచ్చాయి. నెమ్మదిగా, పదిలంగా, నడుము విరక్కుండా ఇంటికి చేర్చే యంత్రం ఇంకా రావాల్సి ఉంది. దాన్ని అడిగి తెచ్చుకోవటం మన హక్కు, తయారుచేయటం మన తరం బాధ్యత.

– తృతీయ బి.యస్సీ. (యం.పి.సి.) విద్యార్థి